నిద్ర కావాలంటే రెండు

బోటుకి ఒక ఇంజన్ మంచిదా, రెండు మంచివా అని నన్ను అడగని జాలరి ఈ రేవులో లేడు. ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ని. బోటు పొడవెంత, ఎంత దూరం పోతావు, ఇంజన్ బిగించే వెనక పలక ఎంత బరువు మోస్తుంది, ఇంజన్‌ని నెలకోసారైనా మంచినీళ్లతో కడుగుతావా లేక చెడిపోయేదాకా దాని మొహం చూడవా, ఇవన్నీ అడిగి, బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ని. వాళ్లు అంతా విని, తలూపి, చివరికి వాళ్ల బావమరిది ఏది కొన్నాడో అదే కొనుక్కునేవాళ్లు.

కొన్నాళ్లకి విసుగొచ్చింది. అప్పటి నుంచి ఒకటే మాట చెప్పడం మొదలుపెట్టాను. "నమ్మకం ఉంటే ఒకటి, నిద్ర కావాలంటే రెండు." వినేవాడికి ఎలా కావాలంటే అలా అర్థమవుతుంది. ఆ మాట రేవంతా పాకింది. ఇంజన్ మేస్త్రీ అనుభవంతో చెప్పాడని అందరూ అనుకున్నారు. నిజానికి అది వచ్చిన మనిషిని తొందరగా సాగనంపడానికి కనిపెట్టిన మాట. నాకు మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున్న షెడ్డు రేకు తలుపు ఎత్తేసరికే సగం ఓపిక అయిపోతుంది. మిగతా సగం ఇంజన్లకి కావాలి కదా, మనుషులకి ఎక్కణ్నుంచి తేను?

అలాంటి నా దగ్గరికి ఒకరోజు నా కూతురూ అల్లుడూ అదే ప్రశ్న పట్టుకుని వచ్చారు.

అల్లుడికి ఇరవై రెండు అడుగుల ఫైబర్ బోటు ఉంది. అంతకుముందు ఏడాది దాని పాత ఇంజన్ నడిసముద్రంలో చేతులెత్తేసింది. ఒక పగలూ ఒక రాత్రీ కొట్టుకుపోయాడు. మర్నాడు ఎవరో చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. అంతసేపూ నా కూతురు జెట్టీ మెట్ల మీద కూర్చునే ఉంది. ఏడవలేదు. ఆ తర్వాత మాత్రం దానికి నిద్ర పట్టడం మానేసింది. మొగుడు తెల్లవారుజామున బోటెక్కితే తిరిగొచ్చేదాకా దాని చెవులు రేవు వైపే ఉండేవి.

"రెండు కావాలి నాన్నా," అంది షెడ్డులోకి వస్తూనే. తాను పనిచేసే ఐసు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, రబ్బరు చేతి తొడుగులు కూడా తీయలేదు. "అరవై గుర్రాలది ఒకటి బదులు ముప్పైవి రెండు. ఒకటి ఆగితే ఇంకోటి ఇంటికి తెస్తుంది. ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఉంది," అన్నాడు అల్లుడు. "రెండంటే పెట్రోలు ఎక్కువ, రిపేర్లు రెట్టింపు. వెనక బరువెక్కి బోటు కూలబడిపోతుంది. మావయ్యా, మీరే చెప్పండి, నేనేమన్నా అబద్ధం చెప్తున్నానా?"

"బోటు సంగతి మీరు చూసుకోండి. ఒక్కటే పెడితే మాత్రం గుమ్మంలో అడ్డంగా పడుకుంటా. నన్ను దాటుకుని వెళ్లండి."

"చూశారా మావయ్యా ఎలా మాట్లాడుతుందో?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.

నా మనసులో ఉన్న మాట వేరు. నా అల్లుడు మంచివాడు, కష్టపడతాడు, కానీ దేన్నీ వాడడు. కొత్త చెప్పులు కొంటే పాతవి రెండు ముక్కలయ్యేదాకా పెట్టెలోంచి తీయడు. పెళ్లికి నేను పెట్టిన వాచీ ఇప్పటికీ డబ్బాలోనే తిరుగుతోంది. అలాంటివాడి చేతిలో రెండు ఇంజన్లు పెడితే ఏం చేస్తాడో నాకు తెలియకపోలేదు. వాడికి ఒక్కటే మంచిది. నెలనెలా నా ముందు విప్పించుకోవాలి. పక్కన అవసరానికి ఒక చిన్నది పెట్టుకుని, రోజూ ఇంటికొచ్చేటప్పుడు పది నిమిషాలు దాని మీదే రావాలి. ఈ మాట చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే గంట పడుతుంది, కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, వాళ్లిద్దరూ నా షెడ్డులోనే మళ్లీ మొదలుపెడతారు. బయట మూడు ఇంజన్లు వరసలో ఉన్నాయి.

"నిద్ర కావాలంటే రెండు," అన్నాను.

నా కూతురు మొహం ఒక్కసారిగా తేటపడింది. "విన్నారా?" అంది మొగుడితో. అల్లుడు నా వైపు కాసేపు చూశాడు. "సరే మావయ్యా, మీ మాటే," అన్నాడు.

రెండు ఇంజన్లూ నా చేత్తోనే బిగించాను. రేవులో అందరూ వచ్చి చూశారు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఒకే పడవకి రెండు తోకలుండకూడదని ఎవరూ అనలేదులే," అన్నాడు వలలు అల్లే ముసలాయన. నా కూతురు మందపాటి గుడ్డతో ఇంజన్లకి రెండు ముసుగులు కుట్టింది. నీలం రంగువి, అంచుకి రెండు వరసల కుట్టు. ఆ రాత్రి ఎనిమిది గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయిందని మర్నాడు వచ్చి చెప్పింది. నాకు సంతోషమేసింది. చెప్పింది తప్పయినా మంచే జరిగిందనుకున్నాను.

రెండు నెలలు తిరక్కుండానే వలల ముసలాయన షెడ్డు ముందు ఆగి నవ్వాడు.

"ఏం మేస్త్రీ, మీ అల్లుడి బోటులో పెద్దకోడలు ఒక్కతే చాకిరీ చేస్తోందంట. చిన్నకోడలు ముసుగు కూడా తీయట్లేదంట!"

నేనూ నవ్వాను. రేవులో నోట్లో నువ్వుగింజ నానే మనిషి లేడు. అయినా నా కూతురి దాకా మాత్రం ఆ మాట వెళ్లలేదు. దాని ముందు ఇంజన్ల ఊసు ఎత్తడానికి అందరికీ భయమే.

బిగించిన ఆరు నెలలకి అల్లుడు బోటు సర్వీసుకి తెచ్చాడు. "ఎడమవైపుది చూడండి మావయ్యా. కుడివైపుది కొత్తదేగా, దానికేం అక్కర్లేదు," అన్నాడు ఎటో చూస్తూ. నేను కుడివైపు ముసుగు తీశాను. కింద నీళ్లలో తిరగాల్సిన ఫ్యాన్ రెక్కల మీద రంగు కూడా చెదరలేదు. బిగించిన రోజు నేనే పరీక్షకి నడిపాను, ఆ తర్వాత ఎవరూ దాన్ని స్టార్ట్ చేసే తాడు లాగలేదు. ఆ రోజు మిగిలిన పెట్రోలు కార్బ్యురేటర్‌లోనే ఉండిపోయింది. నిలవున్న పెట్రోలు జిగురై సన్న రంధ్రాల్ని మూసేస్తుంది. నడిచే ఇంజన్ కంటే నిలబెట్టిన ఇంజన్ ముందు చస్తుందని నేనే వందమందికి చెప్పి ఉంటాను.

"అవసరానికి దాచా మావయ్యా," అన్నాడు అల్లుడు. "ఒకదాంతో పని జరుగుతుంటే రెండోదాన్ని అరగదీయడం ఎందుకని. మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి. మళ్లీ గోల చేస్తుంది."

విప్పి కడిగితే గంట పని. సాయంత్రమైంది. పొద్దుట్నుంచి వంగి వంగి నడుము పట్టేసింది. చెప్తే ఇంట్లో మళ్లీ పంచాయితీ, దాన్ని తీర్చడానికి మళ్లీ నేనే వెళ్లాలి.

"వచ్చే వారం తీసుకురా, చూద్దాం," అని ముసుగు మళ్లీ కప్పేశాను. వాడు తేలేదు. నేనూ అడగలేదు.

ఇంకో మూడు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. ఒడ్డు నుంచి సముద్రంలోకి కొట్టడం మొదలుపెట్టింది. బోట్లన్నీ ఒక్కొక్కటే వచ్చేశాయి. మూడు గంటలప్పుడు నా కూతురు షెడ్డుకి వచ్చి బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుంది.

"ఆయన ఇంకా రాలేదు నాన్నా. ఫోను కలవట్లేదు."

నేను పని ఆపాను.

"కంగారేం లేదులే," అని అదే అంది. "పోయినసారిలా కాదుగా. రెండున్నాయి. ఒకటి ఆగినా ఇంకోదాంతో వస్తారు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. జెట్టీ మీద కూడా అందరూ అదే అంటున్నారు. రెండింజన్లవాడికి ఏమవుతుంది, ఊరికే కంగారుపడకు అంటున్నారు. నువ్వు తిన్నావా అసలు?"

అది నాకు ధైర్యం చెబుతోంది. ఈ వయసులో ఇలాంటి మాట వినాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టాను. వెలుగు ఇంకా రెండున్నర గంటలు ఉంటుంది. రెండు ఇంజన్లున్న మనిషి కోసం ఎవరూ వెతకడానికి బయల్దేరరు. చీకటి పడ్డాక బయల్దేరినా ఉపయోగం ఉండదు.

"రెండోది స్టార్ట్ కాదమ్మా," అన్నాను.

"ఏంటి?"

"రెండో ఇంజన్. దాన్ని ఒక్కరోజు కూడా నడపలేదు. లోపల పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. తాడు ఎంత లాగినా లేవదు."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మూడు నెలలైంది."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా మొహంలోకి ఒక్కసారి చూసింది. చేతి తొడుగులు లాగి పెట్టె మీద పెట్టి జెట్టీ వైపు పరిగెత్తింది. అది గొంతెత్తడం అప్పుడు విన్నాను. "ఆయన దగ్గరున్నది ఒక్కటే ఇంజన్! రెండోది పని చేయదు! ఎవరైనా రండి!"

పది నిమిషాల్లో రెండు బోట్లు కదిలాయి. పనిముట్ల పెట్టె పట్టుకుని ఒకదాంట్లో నేను ఎక్కాను. బోటెక్కి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. మోకాళ్లు ఒప్పుకోలేదు, ఇద్దరు పట్టి ఎక్కించారు.

పొద్దు వాలుతుండగా కనిపించాడు. రాళ్లగుట్టలకి అవతల లంగరు వేసుకుని, బోటు అడుగున కూర్చుని ఉన్నాడు. ఎవరో పారేసిన నైలాను దారం ఎడమ ఇంజన్ ఫ్యాన్‌కి చుట్టుకుని, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు కోసేసింది. గేరులోకి ఉప్పునీళ్లు పోయి పట్టేసింది. లంగరు తాడు రాళ్లకి రాసుకుని సగం తెగి ఉంది. ఇంకో గంటయితే ఆ మిగతా సగమూ ఉండేది కాదు. కుడి ఇంజన్ తాడు లాగి లాగి అల్లుడి అరచేతుల తోలు ఊడిపోయింది. నీలం ముసుగు మాత్రం చక్కగా మడతపెట్టి సీటు కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు లాగానో లెక్కలేదు మావయ్యా," అన్నాడు. "కొత్తది. ఒక్కరోజు కూడా వాడలేదు."

నాకు వాడి మీద కోపం రాలేదు. నా మీద వచ్చిన కోపానికి చోటు చాలలేదు.

మర్నాడు ఉదయం కుడి ఇంజన్ బల్ల మీద పెట్టి, వాళ్లిద్దరి ముందూ కార్బ్యురేటర్ విప్పాను. గిన్నె అడుగున పచ్చటి జిగురు పేరుకుని ఉంది. దాచి దాచి దయ్యాల పాలు చేయడమంటే ఇదే. అల్లుడు కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని తలొంచుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు.

"మీకు తెలీక చేశారు," అంది నా కూతురు. "దాస్తే బాగుంటుందనుకున్నారు. నాన్నకి తెలుసు."

నేను కార్బ్యురేటర్ గిన్నె బల్ల మీద పెట్టాను.

"నిద్ర కావాలంటే రెండు అన్నావు," అంది నాతో. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "నా కోసం ఆలోచించి చెప్పావనుకున్నా. తొమ్మిది నెలలు హాయిగా పడుకున్నా నాన్నా. ఆయన ఒక్క ఇంజన్‌తో తిరుగుతుంటే నేను గుర్రుపెట్టి పడుకున్నా. నువ్వు నన్ను నిద్రపుచ్చావు, అంతే."

ఉన్నదే చెప్పాను.

"అలిసిపోయానమ్మా."

"తెలుసు," అంది. "నేనూ అలిసిపోయా."

బల్ల మీదున్న బ్రష్ తీసుకుంది. "ఇది ఎలా కడగాలో చూపించు," అంది.

చూపించాను. ఒకసారి కాదు, అది తనంతట తాను విప్పి బిగించేదాకా చూపించాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తుంది. రెండు ఇంజన్లనీ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి, తానే తాడు లాగి, పావుగంట చొప్పున నడిపి చూస్తుంది. నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. నీలం ముసుగులు రెండూ షెడ్డు మూల కొక్కేనికి వేలాడుతున్నాయి. వాటిని ఎవరూ తీసుకెళ్లలేదు.

పోయిన ఆదివారం ఒక కుర్ర జాలరి వచ్చాడు. కొత్తగా బోటు కొంటున్నాడట, భార్య కూడా వెంట వచ్చింది.

"ఒకటా రెండా మేస్త్రీ? ఒక్క ముక్కలో చెప్పండి చాలు."

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. డ్రమ్ము దగ్గర తాడు పట్టుకున్న నా కూతురు చెయ్యి ఆగింది. తల తిప్పలేదు.

ఒళ్లంతా నొప్పులుగా ఉంది, బయట నాలుగు ఇంజన్లు వరసలో ఉన్నాయి.

"ఒక్క ముక్కలో కాదు, కూర్చోండి ఇద్దరూ," అన్నాను. "బోటు పొడవెంత?"

వెనకాల ఇంజన్ స్టార్ట్ అయింది. నేను సుద్దముక్క కోసం సొరుగంతా వెతికాను.