ఆగు, మోగుతుంది

జూన్ రెండు, సోమవారం. పదకొండున్నరకి రాద్కా ముందున్న నలభై ఏడు వరుసల జాబితాలో ఇంక ఒక్కటే మిగిలింది.

కొత్తగా వచ్చిన ఏఐ ఏజెంటు రెండు వారాలుగా కంపెనీ రూటర్లన్నింటిలోకీ దూరి, ఒక్కొక్క సెట్టింగూ చదివి, పనికిరావనుకున్నవన్నీ ఏరి పెట్టింది. దానికి విసుగు లేదు, కాఫీ విరామం లేదు, పక్కవాళ్ళ మీద చాడీలు చెప్పే అలవాటూ లేదు. ఒక్క లోటు మాత్రం ఉంది. ఏదైనా చెరపాలంటే మనిషి "సరే" అనాలి. ఆ మనిషి రాద్కా. పన్నెండులోగా జాబితా ముగించకపోతే ఆ "సరే" కూడా ఏజెంటుకే అప్పగిస్తానని డైరెక్టరు ఓగ్న్యన్ పొద్దున జున్ను పొరల బనిత్సా నములుతూ చెప్పాడు. అప్పుడు యాభై నాలుగేళ్ళ రాద్కాకి ఆ కుర్చీలో పనేమీ మిగలదు. ఆ మాట అతను అనలేదు, అననక్కర్లేదు కూడా.

నలభై ఆరింటికి ఆమె సరే అంది. అన్నీ స్తామెన్ రాసినవే. బల్గేరియాలోని ఈ షూమెన్ ఊళ్ళో మేడల మీదుగా ఇంటర్నెట్ తీగలు లాగి ఈ కంపెనీని నిలబెట్టినవాడు, ఆమెకి పని నేర్పినవాడు, మార్చిలో పోయాడు. ఆయన వరుసలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆమెకి కష్టంగానే ఉంది. కానీ ఏం చేస్తుంది, వాటిలో దేన్లోనూ చలనం లేదు.

నలభై ఏడోది చెర్కోవిత్స రూటర్లో ఉంది. ఆనకట్టకి దిగువన చిన్న పల్లె. ఒక దారిని తెరిచి ఉంచమని ఆ వరుస. పక్కన స్తామెన్ గుర్తు రాసుకున్నాడు: 4akai, 6te zvanne.

నాలుగూ ఆరూ పోర్టు నంబర్లు కావచ్చనీ, మిగతా అక్షరాలకి అర్థం లేదనీ, ఇది పొరపాటున పడిన రాతనీ ఏజెంటు వివరణ ఇచ్చింది.

రాద్కాకి నవ్వొచ్చింది. ఆ పాత రూటర్లకి బల్గేరియన్ లిపి రాదు. అందుకని ఇంగ్లీషు అక్షరాలతో నెట్టుకొచ్చేవారు, చాలనిచోట అంకెలు ఇరికించేవారు. తమ భాషలో నాలుగు "చె"తో, ఆరు "షె"తో మొదలవుతాయి గనక "చ"కి 4, "ష"కి 6. మొగుణ్ణి రొట్టె తెమ్మని ఫోన్లో రాసేటప్పుడు ఆమె ఇప్పటికీ అలాగే రాస్తుంది. చకాయ్, ష్తె జ్వున్నె. ఆగు, మోగుతుంది.

ఏం మోగుతుందో మాత్రం రాయలేదు మహానుభావుడు.

ఆమె అర్థం విడమరిచి చెబితే ఏజెంటు మర్యాదగా క్షమాపణ చెప్పి సరిదిద్దుకుంది. సిఫారసు మాత్రం మార్చలేదు. రాకపోకల రికార్డులు తొంభై రోజులవే ఉంటాయి. ఆ తొంభై రోజుల్లో ఆ దారిన ఒక్క డేటా పాకెట్టు కూడా పోలేదు. రాద్కా చెర్కోవిత్స మేయరు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆయన స్మారకం దగ్గర పూలు పెట్టడానికి వెళ్ళాడనీ, తనకేమీ తెలియదనీ ఊడ్చే ఆవిడ చెప్పింది.

పన్నెండుకి మూడు నిమిషాలుండగా ఓగ్న్యన్ వచ్చాడు.

"ఒక్కదానికి అరగంటా అక్కా? పురుడు పోస్తున్నావా ఏంటి?"

"స్తామెన్ ఆగమన్నాడు."

"స్తామెన్ పోయి మూడు నెలలైంది."

"మోగుతుందని కూడా అన్నాడు. ఏది మోగుతుందో తెలిసేదాకా నేను సరే అనను, ఓగీ."

నిక్కరు వేసుకుని ఆఫీసులో తిరిగేనాటి నుంచీ అతను ఆమెకి ఓగీయే. అతనికి ఆ పిలుపు నచ్చదు. జరగమన్నాడు. ఆమె జరగలేదు. ఆమె భుజం మీదుగా వంగి తనే కీబోర్డు మీదికి చెయ్యి చాపాడు.

అప్పుడు టౌన్‌హాలు మీద సైరను మొదలైంది.

దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ రోజు అది. ఏటా ఈ మధ్యాహ్నం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి నిలబడతారు. కింద వీధిలో బస్సు ఆగింది, డ్రైవరు దిగి నిలబడ్డాడు. ఓగ్న్యన్ చెయ్యి వెనక్కి తీసుకుని నిటారుగా నిలబడ్డాడు. డైరెక్టరైనా అతను ఈ ఊళ్ళో పుట్టినవాడే. రాద్కా కూడా లేచింది. ఇద్దరికీ కదపడానికి కళ్ళు తప్ప ఏమీ లేవు, ఆ కళ్ళ ముందు కంప్యూటరు తెర ఉంది.

నలభై ఏడో వరుస పక్కన పాకెట్ల లెక్క సున్నా నుంచి పన్నెండుకి చేరింది. తర్వాత నలభై, తర్వాత నూట తొంభై.

ఆ దారి చివర ఉన్నది చెర్కోవిత్స బడి కప్పు మీది సైరనని రాద్కాకి అప్పుడు వెలిగింది. ఏడాదికొకసారి చనిపోయినవాళ్ళ కోసం మోగేది, ఆనకట్ట తెగితే బతికున్నవాళ్ళ కోసం మోగాల్సింది అదే. రాద్కాకి కన్నీళ్ళొచ్చాయి. కదలకూడదు గనక తుడుచుకోలేదు.

సైరను సన్నగిల్లి ఆగిపోయింది. ట్రాఫిక్ గమనించాననీ, సిఫారసు వెనక్కి తీసుకుంటున్నాననీ ఏజెంటు రాసింది.

"మిగతా నలభై ఆరూ?" అన్నాడు ఓగ్న్యన్, గొంతు తగ్గించి.

రాద్కా కూర్చుని, చెరిపినవన్నీ తిరిగి పెట్టమని ఏజెంటుకి చెప్పింది. కారణం ఏమని రాయాలని అది అడిగింది. ఆమె 4akai అని కొట్టింది. ఈసారి అది పొరపాటు రాత అనలేదు.