పోయేవాళ్ళను పిలవడం

మా అత్తయ్య కృష్ణవేణమ్మ ఇరవై ఏళ్ళుగా వేంపల్లెలో బండలు అమ్ముతోంది. వంటగట్టుకు నల్లబండ కావలసినవాళ్ళు ముందు మా యార్డుకే వస్తారు. సుబ్బయ్య మామ గనుల నుంచి సరుకు తెస్తాడు, బేరం మాత్రం ఆమెది. ఆమె మోకాలికి ఆపరేషన్ చేయాలని, తర్వాత మూడు నెలలు ఇల్లు కదలకూడదని కడప డాక్టరు చెప్పాడు. పక్క యార్డు గోపన్న చెవిన ఆ మాట పడిందో లేదో, మా ఇంట్లో వాలాడు.

"యార్డు నాకు గుత్తకియ్యి సుబ్బయ్యన్నా. అక్కకు కష్టమెందుకు" అన్నాడు.

మామ తల ఊపేలా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కోడలిననే సంగతి మరిచి మధ్యలో దూరాను.

"ఫోన్లో జవాబులు చెప్పేదానికి ఏఐని పెడతా మామా. అడిగినోళ్ళకు అదే చెప్తాది, అదే అమ్ముతాది."

"సరే శివానీ, పెట్టు" అంది అత్తయ్య. "ఆపరేషన్ అయినాక తేలుస్తా. బాగలేకపోతే ఆస్పత్రి నుంచే గోపన్నకు తాళాలు ఇప్పిస్తా."

నేను డిగ్రీ చదివినదాన్ని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. బండల ఫొటోలు, కొలతలు, ధరలు అన్నీ ఎక్కించాను. మర్యాదగా మాట్లాడమని, చివరి ధర ఒక్కసారే చెప్పెయ్యమని రాసిపెట్టాను. బేరమనే గోల ఇక ఉండదని నా సంబరం. వారంలో చాలామంది అడిగారు. ఒక్కరూ కొనలేదు.

ఫోన్లో సాగిన ఆ మాటలన్నీ అత్తయ్య నా చేత చదివించుకుంది. బద్వేలు నుంచి భూపేష్ అనే ఆయన ఇల్లు కట్టుకుంటూ ధర అడిగాడు. మా ఏఐ చెప్పింది. 'శానా ఎక్కువప్పా, పోతా' అని ఆయన రాశాడు. 'మీ సమయానికి ధన్యవాదాలు. మీ రోజు శుభంగా గడవాలి' అని ఇది జవాబిచ్చింది.

అత్తయ్య నుదురు కొట్టుకుంది.

"పోతానంటే పొమ్మనిందే ఇది! పోతాననేది పోయేదానికి కాదు పాపా. నాలుగడుగులేసి చెవులు ఈడనే పెట్టుంటాడు. పిలిస్తే వస్తాడు. పిలవకపోతే ఏ మొగం పెట్టుకోని వస్తాడు?"

నా తెలివి తెల్లారింది. చివరి ధర ముందే చెప్పేసి, కొనేవాడికి గెలిచే వీలు లేకుండా చేశాను. పైగా పోతుంటే దండం పెట్టి సాగనంపాను.

మర్నాడు అత్తయ్య యార్డులో కుర్చీ వేయించుకుంది. మామను కొనేవాడిగా నిలబెట్టింది. ఆయన అలిగినట్టు గేటు దాకా నడవాలి, ఆమె పిలవాలి, నేను రాసుకోవాలి. మామ మొదటి పిలుపుకే తిరిగొచ్చాడు.

"ఇంత తొందరగా వచ్చేవాళ్ళు యాడుంటారయ్యా? మళ్ళ పో" అంది.

ఎండలో ఆయన్ను ఏడుసార్లు నడిపించింది. నవ్వలేక నా కడుపు పట్టేసింది. మొదటి పిలుపు కాస్త ఆప్యాయంగా ఉండాలి. రెండోదానిలో ఇంటి ముచ్చట అడగాలి. మూడోదానికి గానీ అడుగుకు ఒక రూపాయి దిగకూడదు.

"అంతటితో చాలు. ఇంగ పిలవగూడదు. అంగడికీ మానం ఉండాది" అంది.

ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు ఏఐకి ఇచ్చాను. ఎవరైనా పోతానని ఊరుకుంటే కాసేపు ఆగి పిలవమన్నాను. ఇద్దరు ముగ్గురు తిరిగొచ్చారు గానీ, అది అత్తయ్య కంటికి ఆనుతుందా అని నా భయం.

ఆపరేషన్ అయిన మూడో రోజు కడప ఆస్పత్రిలో మామ మెల్లగా అన్నాడు: "గోపన్న రేపు గుత్త కాగితాలు తెస్తానంటాండాడు."

"ఆ ఫోన్ ఇట్లియ్యి. ముందు నేను బేరమాడతా" అంది అత్తయ్య.

ఆమె చెప్తుంటే ఫోనే రాసుకుంది. పేరు చెప్పకుండా, ఎవరో ఇల్లాలిగా వంటగట్టుకు బండ అడిగింది. ధర విని వెక్కిరించింది. పక్క యార్డులో ఇంతకంటే చవకని బుకాయించింది. 'వద్దులే, పోతా' అని ఫోన్ మంచం మీద బోర్లా పెట్టి కళ్ళు మూసుకుంది.

ఫోన్ మోగింది. అత్తయ్య కదల్లేదు. నేనే తీసి చదివాను.

"అప్పుడే యాడికక్కా? బండ నచ్చలేదా, ధర నచ్చలేదా?"

ఆమె కళ్ళు తెరవలేదు. కాసేపటికి మళ్ళీ మోగింది.

"కొత్తిల్లా అక్కా? వంటగట్టు ఎంత పొడుగో చెప్పు, కొలత నేను చూస్తా."

పెదవులు కొంచెం కదిలాయి. అయినా పలకలేదు. మూడోది వచ్చింది. అదీ చదివాను.

"నీ మాట తీసెయ్యలేనక్కా, అడుగుకు ఒక రూపాయి దిగతా. ఇంగ పిలవను."

అత్తయ్య చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. ఆ మూడు మాటలూ తనే మళ్ళీ చదువుకుంది. ఎప్పుడూ కళ్ళనీళ్ళు పెట్టని మనిషి, చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏమైందే?" అని మామ కంగారు పడ్డాడు.

"ఏం లేదు. ఇన్నేండ్లూ ఊరినంతా పిలిచినా. నన్ను ఎవురూ ఇట్ల పిల్చలేదు" అంది.

తర్వాత ముక్కు తుడుచుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని 'సరే, వస్తా' అని చెప్పింది. మామ వైపు తిరిగి, గోపన్నను రావద్దని చెప్పమంది.