లాగని చుట్ట

మామూలుగా పని జరిగేచోట ఎవరైనా నోరు విప్పితే పైవాళ్ళు కసురుతారు. చుట్టల షెడ్డులో మాత్రం అంతా తలకిందులు. సూపర్‌వైజరు చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "ఏమ్మా, ఏంటా మౌనం? ఏదో ఒకటి మాట్లాడు. పక్కావిణ్ణి తిట్టు, పోనీ నన్ను తిట్టు" అని వెంటపడేవాడు. దాంతో పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా ఆ రేకుల కప్పు కింద ఒకటే గోల. చేతుల పాటికి చేతులు ఆకు పరిచి, నలిపి, చుట్టి, చివర కత్తిరిస్తూ ఉండేవి. నోళ్ళ పాటికి నోళ్ళు.

ఎందుకంటే చుట్ట చుట్టే మనిషి ఏదైనా మాట మింగితే, ఆ మాట కడుపులోకి పోదు, చేతిలో ఉన్న చుట్టలోకి పోతుంది. నడుమ ఎక్కడో ఉండకట్టి అడ్డంగా కూర్చుంటుంది. అలాంటి చుట్టని ఎంత లాగినా పొగ రాదు, బుగ్గలు నొప్పెట్టడం తప్ప. ఆకు తడెక్కువైనా చుట్ట బిగుస్తుంది, చెయ్యి బిగించినా బిగుస్తుంది, మాట మింగినా బిగుస్తుంది. ఈ మూడూ అక్కడ పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పేవాళ్ళు.

ఆ షెడ్డు వెనక చిన్న గదిలో మేస్త్రీ కూర్చునేవాడు. కత్తెరలు సానపట్టడం, చుట్టలు బిగించే చెక్క అచ్చులు బాగుచెయ్యడం ఆయన పని. ఆయన భార్య షెడ్డులోనే చుట్టలు చుట్టేది. ఆవిణ్ణి అందరూ రేడియో అనేవాళ్ళు, ఎదురుగానే అనేవాళ్ళు, ఆవిడా పలికేది. ఆవిడ జన్మలో మాట మింగి ఎరగదు. ఆవిడ చుట్టిన చుట్ట ఒక్కటంటే ఒక్కటి లాగట్లేదని తిరిగి రాలేదు. "రేడియో చుట్టతో ఉన్న చిక్కేంటంటే, అగ్గిపుల్ల ఆర్పేలోపు సగం అయిపోతుంది" అని సూపర్‌వైజరు వేళాకోళం చేసేవాడు.

రేడియో పక్క బల్ల కోడలిది. రెండేళ్ళ కిందట ఒక వానరోజు మేస్త్రీ కొడుకు కండక్టరుగా వెళ్ళిన బస్సు వంతెన మీద నుంచి జారి ఏట్లో పడింది. ఒక్కగానొక్క కొడుకు. అత్తగారు గుండెలు బాదుకుని వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. కోడలు ఏడవలేదు. కొన్నాళ్ళకి వచ్చి బల్ల ముందు కూర్చుని పని మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఆ పిల్ల చుట్టలు ఒకటీ అరా తిరిగి రావడం మొదలైంది. ఈ ఏడు వానలు పట్టాక ఏకంగా బుట్టలకి బుట్టలే రాసాగాయి. అలా వచ్చినవాటిని నిలువునా చీల్చి, ఆకుని తుక్కులో పారెయ్యడమే అప్పటిదాకా అలవాటు. చీలిస్తే మాటా పోయేది, ఆకూ పోయేది.

ఒకరోజు సూపర్‌వైజరు మేస్త్రీ గదిలోకొచ్చి స్టూలు లాక్కున్నాడు.

"మేస్త్రీ, మీ కోడల్ని ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంక నావల్ల కాదు. పై నెల నుంచి ఆ బల్ల ఇంకొకళ్ళకి ఇవ్వాలి."

"ఈ నెలాఖరుదాకా ఆగండి బాబూ. నేనేదో ఒకటి చేస్తాను."

"నువ్వేం చేస్తావయ్యా? ఆ పిల్ల నోట్లో నువ్వు మాట్లాడతావా?"

మేస్త్రీ భయం వేరే ఉంది. ఈ పని పోతే ఆ పిల్ల ఇంక ఈ ఇంట్లో ఎందుకుంటుంది? పక్కూళ్ళో అక్క ఉంది, రమ్మని ఎప్పట్నుంచో పిలుస్తోంది. ఆ పిల్ల ఇంట్లో తిరుగుతున్నంతసేపూ కొడుకు ఎక్కడికో వెళ్ళాడు, వచ్చేస్తాడులే అన్నట్టు ఉండేది ఆయనకి. వాడు తుమ్మితే వరసగా తుమ్ముతూనే ఉంటాడనీ, అన్నం తింటూ కాలు ఊపుతాడనీ తెలిసిన మనిషి తనూ భార్యా కాక ఈ లోకంలో ఇంకొకరున్నారంటే అది ఆ పిల్లే. ఆ పిల్ల వెళ్ళిపోతే కొడుకు రెండోసారి పోయినట్టే.

అందుకని చుట్టని చీల్చకుండా లోపలి అడ్డు మాత్రం తీసే పనిముట్టు ఒకటి చెయ్యాలని కూర్చున్నాడు.

మొదట సైకిలు ఊచని సన్నగా సానబట్టి గుచ్చాడు. కన్నం పడింది గానీ మాట రెండు ముక్కలై, "క" అని ఒక్క అక్షరం వినపడి ఆగిపోయింది. పై ఆకు కూడా పగిలింది. తర్వాత సన్నటి డ్రిల్లు బిట్టుతో తొలిచాడు. మాట పొడైపోయి, ఎవరో దగ్గినట్టు వినిపించిందంతే. గుచ్చితే లాభం లేదు, తొలిస్తే లాభం లేదు, లోపలికి పోయేటప్పుడు ఏమీ తగలకుండా పోయి, వచ్చేటప్పుడు పట్టుకుని రావాలి. దానికి బాగా సన్నంగా, వంగినా విరగని ఊచ కావాలి. అలాంటిది ఎక్కడా దొరకలేదు.

ఇంట్లో టీ తాగుతూ ఆ మాటే అన్నాడు. రేడియో వింటూనే లేచి వెళ్ళి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న గొడుగు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. అది కొడుకు గొడుగు. రెండేళ్ళుగా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఒక ఊచ పీక్కోండి. ఎండకీ లేదు, వానకీ లేదు, ఊరికే వేలాడుతోంది" అని, వెంటనే "ఒక్కటే పీకండి. బట్ట చింపారంటే ఊరుకోను" అంది.

ఆ గొడుగు ఊచకి మూడు పలకల ఆకురాయితో ఒకవైపే చిన్న చిన్న ముళ్ళు కోశాడు మేస్త్రీ. ముళ్ళన్నీ వెనక్కి తిరిగి ఉండేలా కోశాడు. పాత కత్తెర పిడి తీసి దానికి తొడిగాడు. ఊచ పక్కకి పోయి పై ఆకుని చీల్చకుండా, చుట్ట మొన సరిగ్గా పట్టేంత ఇత్తడి గొట్టం ముక్క ఒకటి కోసి దాన్ని దారి చేశాడు. చుట్టని తడిగుడ్డలో కాసేపు ఉంచి, గొట్టంలో పెట్టి, ఊచని నిదానంగా దించి, సగం తిప్పు తిప్పి, ఊపిరి బిగబట్టి లాగాడు. ఆకు ఈనె ముక్కలాంటిదొకటి ముళ్ళకి తగులుకుని బయటికొచ్చింది. కోడలి గొంతు చక్కగా, గది మధ్యలో నిలబడి మాట్లాడినట్టు వినిపించింది.

"కూరలో ఉప్పెక్కువైంది అత్తయ్యా."

మేస్త్రీకి నవ్వాగలేదు. చుట్ట వెలిగించి చూశాడు. హాయిగా లాగింది. ఇంకోటి తీశాడు.

"కాసేపు ఊరుకోండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది."

ఆ నవ్వుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పాపం పిల్ల, ఇన్నాళ్ళూ ఎంత ఓర్చుకుందో అనుకున్నాడు. బుట్ట ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తూ పోయాడు. బుట్ట అడుగున, చీల్చకుండా మిగిలిపోయిన పాత చుట్టలు కూడా కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లోంచి, "గొడుగు మర్చిపోయారు అని ఒక్క కేక వేస్తే వెనక్కొచ్చేవారు కదా. ఆ బస్సు తప్పిపోయేది కదా. కోపంలో ఉండి అనలేదు" అని వచ్చింది. మేస్త్రీ చేతిలో ఉన్న ఊచ వంక చూసుకుని, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. చాలాసేపు మళ్ళీ ముట్టుకోలేదు.

మర్నాడు కొత్త చుట్టల బుట్ట ముందేసుకున్నాడు. మొదటిదాంట్లోంచి, "వస్తాను. మీతో వస్తాను. కానీ వీళ్ళిద్దర్నీ ఎవరు చూస్తారు?" అని వినిపించింది. రెండోదాంట్లోంచి, "వస్తాను" అని. ఆ తర్వాతదీ అదే. ఆ పైదీ అదే. బుట్ట అడుగుదాకా ఒకటే మాట.

ఎవరితో అన్నది అడగక్కర్లేదు. చుట్టలు సర్దే చెక్కపెట్టెలు చేసి తెచ్చే మనిషి ఒకడున్నాడు, పెట్టెలాయన అంటారు. భార్య పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తుడు. చెక్క చవగ్గా దొరికే ఊరికి కొట్టు మార్చుకుంటున్నానని ఈ మధ్యే షెడ్డులో చెప్పాడు. కొళాయి దగ్గర కోడలితో ఏదో అనడం, కోడలు తలొంచుకుని బిందె ఎత్తుకుని రావడం మేస్త్రీ కిటికీలోంచి చూశాడు. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు ఆయన చేతిలో పనిముట్టు ఉంది. సూపర్‌వైజరు ముచ్చటపడి వీపు కూడా తట్టాడు. కోడలి చుట్టలన్నీ బాగు చేసి పంపుతుంటే బల్ల పోదు. పెట్టెలాయన నెలాఖరుకి వెళ్ళిపోతాడు. ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఎప్పటికీ ఉంటుంది. తను చెయ్యాల్సిందల్లా రోజూ ఇక్కడ కూర్చుని ఆ "వస్తాను"లన్నీ ఒక్కొక్కటిగా పీకి పారెయ్యడమే. మేస్త్రీ రెండు రోజులు అదే చేశాడు. మూడోరోజు చెయ్యి ఆడలేదు. ఒక చుట్టని తియ్యకుండా జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

రేడియో కూరలు తరుగుతోంది. కోడలు బట్టలు మడతపెడుతోంది. మేస్త్రీ చుట్టనీ, గొట్టాన్నీ, ఊచనీ కోడలి ముందు పెట్టాడు.

"ఇది నీదమ్మా."

"లాగట్లేదా మామయ్యగారూ?"

"లాగదు. లోపలేముందో నాకు తెలుసు. దీని తోటివన్నీ విన్నాను. ఇది మాత్రం నువ్వే తియ్యి. వినాల్సినవాళ్ళ ఎదురుగా తియ్యి."

కోడలు చేతిలో బట్ట వదిలేసింది. "నేనేం అనలేదు మామయ్యగారూ. అననుకూడా."

"అనలేదు కాబట్టేగా తల్లీ లాగనిది."

"ఏంటండీ ఇద్దరూ ఆ గుసగుసలు? నాకు చెప్పరేం?" అంది రేడియో. మేస్త్రీ చెప్పాడు. కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. అదీ ఒక్క క్షణం, అంతే.

"పెట్టెలాయనా? ఆ మనిషి గోళ్ళనిండా జిగురే కదే! పోన్లే, తాగడు, తిరగడు. ఇదిగో, ఆ ఊరి నీళ్ళు మంచివి కావట, కాచి తాగు. నా ఉన్ని దుప్పటి పట్టుకెళ్ళు, అక్కడ చలెక్కువ. ఉప్పు మాత్రం చూసి వెయ్యి, నీకసలు చెయ్యి కుదరదు."

మేస్త్రీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కోడలు మాత్రం అత్తగారి ఒళ్ళో తల పెట్టి, రెండేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. "మిమ్మల్ని ఎవరు చూస్తారు అత్తయ్యా?" అంటూనే ఉంది.

"మీ అత్తయ్య నోరుండగా మాకు వేరే తోడెందుకమ్మా" అన్నాడు మేస్త్రీ.

పెట్టెలాయన సరుకు దించడానికి వచ్చినరోజు కోడలు షెడ్డు ముందుకెళ్ళి నిలబడింది. ఒక్క మాటా అనలేదు. చుట్టని గొట్టంలో పెట్టి, మామగారు చూపించినట్టే సగం తిప్పు తిప్పి లాగింది. ఏం వినిపించిందో మేస్త్రీ కిటికీదాకా రాలేదు. పెట్టెలాయన భుజం మీది పెట్టెని కిందికి దించి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోవడం మాత్రం కనిపించింది.

పెళ్ళయ్యాక, వాళ్ళు వెళ్ళేరోజు పొద్దున బస్టాండుదాకా రేడియో ఆపకుండా మాట్లాడింది. కిటికీ పక్కన కూర్చోమంది, వానొస్తే అద్దం దించుకోమంది, ముందు సీట్లలో వద్దంది, వంతెన వస్తే కళ్ళు మూసుకోమంది. పెట్టెలాయనకి గోళ్ళు తీసుకోమని చెప్పింది. మేస్త్రీ పనిముట్టుని గుడ్డలో చుట్టి కోడలి చేతిలో పెట్టాడు.

"అక్కడా చుట్టేది చుట్టలేగా. ఉంచుకో. దీంతో పని పడకూడదమ్మా నీకు. నోటికొచ్చింది అనేస్తూ ఉండు."

బస్సు మలుపు తిరిగేదాకా రేడియో చెయ్యి ఊపుతూ ఏదో ఒకటి చెప్తూనే ఉంది. తర్వాత, పూట జీతం ఎందుకు పోగొట్టుకోవడం అంటూ అట్నుంచటే షెడ్డుకి వెళ్ళింది.

సాయంత్రం సూపర్‌వైజరు ఒక చుట్ట పట్టుకుని మేస్త్రీ గది గుమ్మంలో నిలబడ్డాడు. వేళాకోళం ఆడలేదు. "నాకే నమ్మబుద్ధి కాలేదయ్యా. రేడియో బల్ల మీదిది" అని, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళాక మెట్ల మీద మేస్త్రీ, రేడియో ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నాదొకటి లాగట్లేదట కదా" అంది చివరికి.

"ఆకు తడిగా ఉందేమోలే."

"అవును, తడే" అంది. మళ్ళీ తనే, "గొడుగుకి ఇంకా ఊచలున్నాయిగా. ఇంకోటి చేసుకోకూడదూ?" అంది.

"ఎందుకులేవే."

మేస్త్రీ జేబులోంచి ఆ చుట్ట తీసి వెలిగించాడు. లాగాడు. పొగ రాలేదు. అందులో ఉన్నదేంటో ఆయన ఊచ పెట్టి లాగి వినక్కర్లేదు. "ఉండిపోవే తల్లీ" అనే మాట. పొద్దున బస్టాండులో లోకంలో ఉన్న మాటలన్నీ అని ఆ ఒక్కటీ అనలేదు ఆవిడ. ఆయనా అనలేదు. చుట్ట ఆరిపోయింది. ఆయన దాన్ని నోట్లోంచి తియ్యకుండా అలాగే పట్టుకుని, ఆవిడ పక్కన కూర్చున్నాడు.