విత్తనానికి వదిలినవి

తవిటమ్మ బూడిదతో గిన్నెలు తోముతుంటే మొగుడు మెచ్చుకున్నాడు. ఆమెకు అనుమానం అక్కడే పుట్టింది.

"నువ్వు సేసే ఈ పన్ని సుస్థిర జీవనం అంతారంట," అన్నాడు గవరయ్య, గుమ్మంలో పీట వేసుకుని. "పెకృతికి దగ్గరగా బతకడమంట. బాలీగంజ్ మేడల్లో పెద్ద సదువులు సదివినోళ్ళు ఇప్పుడు దీన్ని నేర్సుకుంతన్నారు."

తవిటమ్మ తలెత్తలేదు. డేకిసా అడుగున మాడు గీకుతూ ఆలోచించింది. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఇతను తనని ఎన్నిసార్లు మెచ్చుకున్నాడు? పెళ్ళయిన కొత్తలో ఒకసారి, చేపల పులుసుకి. అదీ పక్కింటివాళ్ళు మెచ్చుకున్నాక. ఈ బూడిదని చూసే "సబ్బుబిళ్ళ కొనలేని ఎదవనని క్వార్టర్లన్నిటికీ సాటింపు ఏత్తన్నావా" అనేవాడు. గుడ్డసంచి పట్టుకుని బజారుకెళ్తే అడుక్కునేదానిలా ఉన్నావన్నాడు. కూరగాయల తొక్కలు కుండలో మగ్గబెడితే ఇల్లంతా కంపన్నాడు. చిరిగిన లుంగీలతో బొంతలు కుడితే పిసినారిదని పేరు పెట్టింది అత్తగారు. ఇప్పుడు వాటన్నిటికీ కలిపి ఒక పెద్ద పేరొచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ ఒక్క గిన్నె తోమినట్టు లేరు. గతిలేక చేసే పనికి కలిగినవాళ్ళు మంచి పేరు పెట్టారంటే, ఆ పేరు చెప్పి ఏదో పట్టుకుపోవడానికి వస్తున్నట్టే. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. కుళాయి దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

"ఏటి కావాలి మావా?" అంది.

"ఏటీ వద్దు. మెచ్చుకున్నా తప్పేనేటి?"

"తప్పు కాదు. అలవాటు లేదు."

అతనికేం కావాలో రెండు రోజుల్లో బయటపడింది. ఆమె తోట కావాలి.

తోట అంటే బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ డాక్ కార్మికుల క్వార్టర్ల వెనక, గోడకీ మురుగు నాలాకీ మధ్యన పదడుగుల వెడల్పు జాగా. పదకొండేళ్ళ కిందట అక్కడ ఉన్నవి విరిగిన ఇటుకలు, కాలిపోయిన బొగ్గుల గుట్టలు, సీసా పెంకులు. గవరయ్యకి రేవులో క్రేను దగ్గర ఖలాసీ పని, అది అయ్యాక యూనియన్ ఆఫీసులో కేరమ్ బోర్డు. తవిటమ్మకి తెల్లారకముందే కుళాయి పని. నీళ్ళు ఆగిపోయేలోపు ఇంటికి ఆరు బిందెలు, తోటకి నాలుగు బకెట్లు. పెంకులు ఏరుతూ చెయ్యి కోసుకుంటే ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ సరిగ్గా ముడవదు. గోగు విత్తనం, ఆనప విత్తనం సిక్కోలు దగ్గర కన్నవారి ఊరి నుంచి కొంగున కట్టుకుని తెచ్చింది. ఆ గోగుకి ఆకు చిన్నది, కాడ ఎరుపు, పులుపుకి పళ్ళు జివ్వుమంటాయి. ఈ ఊళ్ళో ఏ బజారు తిరిగినా అది దొరకదు. అత్తగారు అప్పమ్మ బతికున్నన్నాళ్ళూ "మా కోడలు మురిక్కాలవ గట్టున కూకుని మట్టి పిసుకుతాది, సూసినోళ్ళు నవ్వుతన్నారు" అని అందరి దగ్గరా అనేది. చివరి రోజుల్లో ఆ గోంగూర తప్ప ఏదీ ఆవిడ నోటికి హితవు కాలేదు. అప్పుడూ "ఉప్పెక్కువైంది" అందేగాని తోట మాట ఎత్తలేదు.

'శ్యామల్ మాటి', అంటే పచ్చని మట్టి, అని ఒక సంస్థ ఉందట. నగరంలో జనాన్ని మళ్ళీ మట్టితో కలుపుతుందట. ఆదివారాలు వాళ్ళని తీసుకొచ్చి పాదులు చూపించి, మట్టి ముట్టించి, పాతకాలపు వంట తినిపించి పంపిస్తుందట. అందుకు ఒక చోటు కావాలి, చోటుకి ఒక కమిటీ కావాలి, కమిటీకి కన్వీనర్ గవరయ్య. నాలుగు నెలల్లో ఎలక్షన్లు. ఎర్రజెండా పార్టీ లోకల్ కమిటీలో ఈసారైనా కుర్చీ దొరుకుతుందని అతని ఆశ. ప్రకృతి మీద ప్రేమ పుట్టిన చోటు అదీ.

"తోట ఎవులిది?" అని అడిగింది తవిటమ్మ.

"కమిటీది. కమిటీది అంతే మనదేగా."

"మనది అంతే ఎవులిది?"

"నీకు పెతీదానికీ అనుమానమే. జాగా నీ బాబుదేటి? పోర్టోళ్ళది. రేపు పొక్లైను ఎట్టి తవ్వీమంటే నువ్వేటి సేస్తావు? కమిటీ బోర్డుంటే ఎవుడూ ముట్టుకోడు."

ఇది అబద్ధం కాదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అబద్ధమైతే ఉమ్మేసి ఊరుకోవచ్చు. సగం నిజమే గొంతుకి అడ్డం పడుతుంది.

ఆ రోజు నుంచి గవరయ్య చేతులు వెనక్కి కట్టుకుని తోటలో తిరగడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళలో అతను అక్కడికి వచ్చింది ఉచ్చ పోసుకోడానికే. ఇప్పుడు జేబులో చీటీ, పెన్సిలు. "దీని పేరేటి? ఇదేటి?" అని అడిగి రాసుకుంటున్నాడు. చెబుతుంటే ఆమె గొంతులో ఏదో తీపి పుట్టింది. అది తెలిసి తన మీద తనకే అనుమానం వచ్చింది. ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు కాచుకుని ఉందా తను? బాగా చేశావని ఒకడంటే చాలు, చేసినదంతా వాడి చేతిలో పోసేస్తుందా? ఆడదాన్ని కొట్టి ఎంత లాక్కోవచ్చో, అంతకు రెండింతలు మెచ్చుకుని లాక్కోవచ్చు. పైగా అరుపులుండవు.

పక్క క్వార్టరు కాసులమ్మ ఆసుపత్రిలో ఆయా. మొగుడు పోయాడు, నోరు మిగిలింది. గోడ మీంచి గవరయ్యని చూసి నవ్వింది.

"ఓలె తవిటీ, మగోడు పెరట్లోకి వచ్చేడంతే రెండే కారణాలే. పామన్నా దూరాల, ఫొటోలోడన్నా రావాల."

"ఫొటోలోల్లే అప్పా. ఆయితారం వత్తారంట. ముప్పై మంది."

"వంట ఎవులు?"

తవిటమ్మ బకెట్టు ఎత్తుకుంది. కాసులమ్మకీ జవాబు అక్కర్లేదు.

ఆదివారానికి గ్యాసు స్టవ్ మంచం కింద పెట్టేయమన్నాడు గవరయ్య. మట్టిపొయ్యి మీదే వండాలట, గ్యాసు కనబడితే పరువు పోతుందట. ఆ గ్యాసు కోసం ఆమె తొమ్మిదేళ్ళు దగ్గింది. బొగ్గుల పొగకి ఊపిరితిత్తులు నల్లబడ్డాయని డాక్టరు చెబితే, "మా అమ్మ వండలేదేటి, సచ్చిపోయిందేటి" అన్నాడు ఇతను. ఆ మాట అన్నది అత్తగారి తద్దినం రోజునే.

"పొగ ఎవులు మింగుతారు?" అంది.

"ఒక్క రోజేగా."

ఆదివారాలన్నీ ఒక్క రోజే.

శనివారం మధ్యాహ్నం సరుకులకి బజారు వెళ్ళి, రెండు సంచులు మోసుకుని వచ్చేసరికి గవరయ్య తోట గట్టున నిలబడి ఉన్నాడు. చేతులకి సున్నం. పాదుల అంచున ఇటుకలు వరసగా పేర్చి, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు రంగు వేశాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎలాగుంది?"

తవిటమ్మ సంచులు దించలేదు. చివరి వరస వైపు చూసింది. అక్కడేమీ లేదు. తవ్విన నేల, చదునుగా.

సిక్కోలు ఆడవాళ్ళు గోగు వేస్తే ఆకంతా కోసుకోరు. చివరి వరసలో గట్టి మొక్కలు చూసి ఏడో ఎనిమిదో విత్తనానికి వదిలేస్తారు. గుర్తుగా పాత రవిక పీలిక ఒకటి కడతారు. ఇక వాటిని ముట్టుకోరు. అవి పూసి, కాసి, ఆకు రాల్చి, పుష్యమాసానికి కట్టెలై నిలబడతాయి. ఆనప పాదు మీద కూడా అంతే, బాగా కాసిన కాయ ఒకటి వదిలేస్తే ఎండి డొల్లవుతుంది, ఊపితే గింజ గలగలలాడుతుంది. చూడ్డానికి తోటలో అన్నిటికంటే అసహ్యంగా ఉండేవి అవే. వచ్చే ఏటి తోటంతా వాటిలోనే ఉంటుంది.

"ఎండిపోయి సచ్చినాటిని పీకీసేను," అన్నాడు గవరయ్య. "నువ్వేటి, రవిక గుడ్డలు కట్టీసి ఉంచేవు. పెద్దోళ్ళు వచ్చి సూత్తే ఏటనుకుంతారు?"

"ఎక్కడ పడీసేవు?"

"నాలాలోకి ఇసిరీసేను."

తవిటమ్మ సంచులు దించింది. ఇతను అన్నిటి పేర్లూ అడిగి రాసుకున్నాడు. అది అక్కడ ఎందుకు నిలబడి ఉందని ఒక్కదాని గురించీ అడగలేదు. తన గురించి అయినా ఎప్పుడైనా అడిగాడా? పేరు తెలుసు, తవిటమ్మ. అది చాలింది.

అప్పుడే నాలాలోకి దిగవలసింది. దిగలేదు. ముప్పై మందికి పప్పు నానబెట్టాలి, పచ్చడి రుబ్బాలి, మట్టిపొయ్యి అలకాలి. విత్తనం మురుగులో నానుతోందని తెలిసి కూడా ఇంట్లోకి వెళ్ళి పప్పు నానబోసింది. ఆ సాయంత్రమంతా ఆమెకు మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆదివారం వాళ్ళు వచ్చారు. సంస్థ నడిపే సుపర్ణ, చేనేత చీర, మెడలో మట్టిపూసలు. వెంట కెమెరాలు పట్టుకున్న జనం. తెలుగువాళ్ళతో మాట్లాడ్డానికి జానకిరామ్ అని హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు కుర్రాడిని తెచ్చుకున్నారు. తవిటమ్మకి బెంగాలీ రాదని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనే అనుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు బెంగాలీలో కుళాయి దగ్గర తగాదా పడిన ఆడది ఆమె. కానీ సరిచెయ్యలేదు. తెలియదనుకుంటే మనుషులు ఎదురుగానే నిజాలు మాట్లాడతారు.

"ఈ పొయ్యి మీద వండడం ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాడు జానకిరామ్, సుపర్ణ తరఫున.

"కళ్ళు మండుతాయి బాబూ. ఊపిరాడదు."

అతను సుపర్ణ వైపు తిరిగాడు. "రుచి దీని మీదే వస్తుందంటున్నారు దీదీ."

"ఎంత అమాయకురాలో," అంది సుపర్ణ బెంగాలీలో, కళ్ళు చెమ్మ చేసుకుని. "అచ్చం ప్రకృతి బిడ్డ."

తవిటమ్మ పొయ్యిలోకి పుల్ల తోసింది.

భోజనాలయ్యాక గవరయ్య చీటీ చూస్తూ ఉపన్యాసం ఇచ్చాడు. మేము నాటాం, మేము పెంచాం, మేము ప్రకృతికి బిడ్డలం. చప్పట్లు. తర్వాత గట్టు మీద బల్ల వేసి కాగితం పరిచారు. కన్వీనర్ దగ్గర గవరయ్య సంతకం పెట్టాడు, చివర గీత కూడా గీశాడు. జానకిరామ్ పెన్ను ఆమె చేతికిచ్చాడు.

"ఇక్కడమ్మా. రోజూ నీళ్ళు పోసి తోటను చూసుకునే స్వచ్ఛంద సేవకురాలిగా మీ పేరు రాశాం. ఇది లేకపోతే కమిటీ చెల్లదు. స్వచ్ఛందం అంటే ఇష్టపూర్వకంగా, జీతం లేకుండా అని."

"నాకు ఇట్టం లేదంతే?"

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "ఇప్పటికే చేస్తున్నారు కదమ్మా. మీకు కొత్తగా పెరిగే పనేమీ లేదు."

"ఏమంటోంది?" అంది సుపర్ణ.

"సంతోషంగా ఉందంటున్నారు."

తవిటమ్మ పెన్ను పట్టుకునే నిలబడింది. ఇప్పటికే చేస్తున్నారు కదా. అత్తగారు ఈ మాట పైకి అనలేదు, మొగుడు అనలేదు. అనకుండా దాని మీదే ఇల్లు కట్టుకున్నారు. ఈ పరాయి కుర్రాడు ఎంత సులువుగా చెప్పేశాడు. చేస్తున్నావు కాబట్టి చెయ్యాలి. మోస్తున్నావు కాబట్టి మొయ్యాలి. ఆపితేగాని ఎవరికీ కనబడదు, ఆపనివ్వరు. సంతకం పెడితే తోట కమిటీది, పని తనది. పెట్టకపోతే తోట పోర్టువాళ్ళ పొక్లైనుది, తప్పు తనది. ఎటు చూసినా తనకి మిగిలేది బకెట్టే.

పెన్ను బల్ల మీద పెట్టింది. చీర కుచ్చెళ్ళు పైకి లాగి నడుముకి దోపుకుంది. గట్టు దిగి, ఎర్ర ఇటుక తెల్ల ఇటుక దాటి, నాలా అంచు పట్టుకుని కిందికి దిగింది.

చలికాలం కాబట్టి నీళ్ళు మధ్యన చారలా పారుతున్నాయి. మిగతా అంతా మోకాలు లోతు బురద. గోగు కట్టెలు కొన్ని ఒడ్డున తుక్కు మీద తట్టుకుని ఉన్నాయి, కొన్ని మునిగి ఉబ్బాయి. ఒక కాయ నలిపి చూసింది. గింజ మెత్తబడిపోయింది. ఇంకోటి నలిపింది. పొడిగా, నల్లగా, గట్టిగా ఉంది. మొలుస్తుందో లేదో. నమ్మలేం. అయినా కొంగున వేసుకుంది.

గట్టు మీద అలికిడి. "ఒసే, పైకి రా," అన్నాడు గవరయ్య, పళ్ళ బిగువున. "పరువు తీత్తన్నావు. సంతకం ఎట్టీసి అప్పుడు దిగు."

ధబ్బుమని ఎవరో దూకారు. కాసులమ్మ. తెల్లచీర అంచు బురదలో తేలుతోంది. "ఏ కట్టెలే? ఇయ్యేనా?" అని అడిగిందేగాని ఎందుకని అడగలేదు.

కెమెరాలు లేచాయి. ఒకటి, రెండు, ఆరు. బురదలో ఇద్దరు ఆడవాళ్ళు, చేతిలో ఎండు కట్టెలు. ఎంత మంచి బొమ్మో.

తవిటమ్మ నడుం నిటారుగా చేసి, తలెత్తి, కుళాయి దగ్గర మాట్లాడే బెంగాలీలో చెప్పింది. "ఫొటోలు తియ్యకండి. మీరు ముట్టడానికి వచ్చిన మట్టి ఇక్కడుంది. దిగండి."

జానకిరామ్ చెవులు ఎర్రబడ్డాయి. పొద్దుట్నించీ తను ఏమేం చెప్పాడో ఒక్కొక్కటీ గుర్తొస్తున్నట్టుంది. సుపర్ణ ఆమెను చూసింది, నాలాని చూసింది, చెప్పులు విప్పింది. దిగడానికి విప్పిందో, బురద అంటకుండా వెనక్కి పోవడానికి విప్పిందో తెలియలేదు. తవిటమ్మ ఆగి చూడలేదు. నమ్మడానికి తొందరేమీ లేదు.

గవరయ్య ఇంకా అక్కడే ఉన్నాడు, ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో పెన్ను చాపి. ఆ పెన్ను ఆమెకి అందదు, అందుకోవాలంటే అతను ఇంకో అడుగు కిందికి రావాలి.

"నా పేరు కొట్టీ మావా," అంది తవిటమ్మ, ఇంకో కట్టె బురదలోంచి లాగుతూ. "తోట నాది. కమిటీ నీది. రేపట్నించి నీ కమిటీకి నువ్వే నీల్లు పోసుకో."