మరిడమ్మ వద్దన్న కోడి

గత ఏడాది ఆషాఢంలో, చివరి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఖిదిర్‌పూర్ మునిసిపల్ క్వార్టర్స్ వెనక ఉన్న మరిడమ్మ గుడి ముందు ఒక కోడి తల ఊపింది. అప్పటికి దాని మీద ఎవరూ నీళ్లు చల్లలేదు.

క్వార్టర్స్‌లోని తెలుగువాళ్లు మొక్కు కోడి మీద ముందు పసుపునీళ్లు చల్లుతారు. అది తల విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కత్తి ఆ తరవాతే.

కోడి గురవమ్మది. ఆమె కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరయింది. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి ఆమె గూడు ఖాళీ అయింది. ఈ పెట్ట ఒక్కటే లేచింది. తెగులు మొదలైన రోజునే ఆమె మొక్కుకుంది: ఏది బతికితే అది అమ్మవారిది. ఏటా అదే మొక్కు. ఏటా బతికినవి గుడికి వెళ్లేవి, ఆమె ఏక్‌బాల్‌పూర్ బజారు నుంచి కొత్త పిల్లలను తెచ్చేది, మరుసటి ఏడు అవి చచ్చేవి. ఈ పెట్టకు మాత్రం ఆమె వేలితో గంజి పట్టింది, రాత్రిళ్లు పక్కలో వేసుకుంది. గుడికి తెచ్చాక కూడా చంకలోంచి దించలేదు. మొక్కు తప్పితే అమ్మవారు ఏం చేస్తుందోనని తెచ్చింది.

"ఊపేసింది దాదా, ఇంక నీళ్లెందుకు?" అంది పక్కింటి అప్పలలక్ష్మి పూజారితో. ఆమె మసాలా నూరుకుని వచ్చింది.

పూజారి దేముడు వారమంతా చెత్త లారీ నడుపుతాడు, ఆదివారం పూజ చేస్తాడు. ఆయన చెంబు పట్టుకుని ఆగాడు. కోడి మళ్లీ ఊపింది. ఇంకోసారి ఊపింది.

"ఇదేటే గురవమ్మా, ఊపడం ఆపదేటి?"

"తెగులొచ్చి లేచిన కాడ్నించీ అంతే బావూ. తిన్నా ఊపుతాది, తొంగున్నా ఊపుతాది."

"ఎంత బక్తో సూడు," అంది అప్పలలక్ష్మి.

గురవమ్మ పక్కన మౌక్తిక నిలబడి ఉంది. హనుమకొండ నుంచి వచ్చి నగరంలో పరిశోధన చేస్తోంది, గురవమ్మ కోళ్లను చూడటానికి క్వార్టర్స్‌కు వస్తుంటుంది. రోగాన్ని తట్టుకునే శక్తి కోళ్లలో తల్లి నుంచి పిల్లకు ఎలా వస్తుందన్నది ఆమె విషయం.

"ఏటేటా గెలిచిన కోడినే కోస్తున్నరు అమ్మా," అంది ఆమె. "దాని లోపల ఏదో ఉండబట్టి బతికిందనుకో, అది పిల్లలకు రావాల్నంటే పిల్లలు పుట్టాలె కదా? రోగం పురుగుకు గా బాధ లేదు. గెలిచిన పురుగు మళ్ల పిల్లల్ని కంటాంది. దాన్నెవ్వరు మొక్కుకు ఇస్తలేరు."

"పురుక్కి మొక్కేటి?" అన్నాడు దేముడు.

"లేదు. అందుకే గెలుస్తాంది."

"దీని లోపల ఏదో ఉండబట్టే బతికిందని నీకు తెలుసేటి?" అని అడిగింది అప్పలలక్ష్మి.

"తెల్వదు. అదృష్టం కూడ కావచ్చు. పిల్లలను చూస్తేనే తెలుస్తది. అసలు టీకా ఏపియ్యరాదా అమ్మా?"

"టీకా ఏసిన కోడిని అమ్మోరికెలగిస్తాను?" అంది గురవమ్మ. "నా మీద నమ్మకం నేదా అని అడగదా?"

దేముడు చెంబు ఎత్తి, మళ్లీ దించాడు.

"పాపా, ఒకటి సెప్పు. ఈ ఊపడం అమ్మోరిదా, తెగులుదా?"

"తెగులుదే దాదా. నరాలకెక్కింది. మెడ గూడ వంకరైంది."

"మెడ వంకరా?"

ఆయన గురవమ్మ చంకలోంచి కోడిని లాగి నేల మీద నిలబెట్టాడు. కోడి ముందుకు నడిచింది. చూపు మాత్రం వెనక ఉన్న గురవమ్మ మీదే ఉంది.

"ఒంకరేటి? నన్ను సూస్తంది," అంది గురవమ్మ.

"అవిటి కోడిని అమ్మోరికిస్తే నా మెడ ఇరిసేత్తాది," అన్నాడు దేముడు. "తీసుకుపో."

"మరి నేను నూరిన మసాలా?" అంది అప్పలలక్ష్మి.

గురవమ్మ కోడిని చంకలో పెట్టుకుని అమ్మవారి వైపు తిరిగింది.

"తల్లీ, నానిచ్చాను, నువ్వొద్దన్నావు. ఇకమీద తెగులొచ్చి పడిపోయినవి నీవి, లేచినవి నావి."

"సచ్చిన కోళ్లు అమ్మోరేటి సేసుకుంటాది?" అన్నాడు దేముడు.

"నానేటి సేసుకుంటాను?"

దేముడు కోడికి బదులు గుమ్మడికాయ తెప్పించి పగలగొట్టాడు. మసాలా దాని కూరలోకి పోయింది.

గార్డెన్ రీచ్‌లో ఉన్న మేనల్లుడి దగ్గర నుంచి గురవమ్మ ఒక పుంజును తెచ్చింది. పెట్ట గుడ్లు పెట్టి పొదిగింది. ఈ ఎండాకాలం తెగులు మళ్లీ వచ్చింది. అప్పలలక్ష్మి బజారులో కొన్నవన్నీ పోయాయి. గురవమ్మ గూట్లో కొన్ని పోయాయి, ఎక్కువ మిగిలాయి. ఒక్క గూడును చూసి ఏమీ చెప్పలేమని మౌక్తిక అంది. మిగిలిన వాటి మెడలు తిన్నగానే ఉన్నాయి. పరీక్షకు రక్తం తీయడానికి ఆమె చెయ్యి పెట్టినప్పుడు వాటిలో ఒకటి ఆమె వేలు పొడిచింది.