ఇద్దరు ధర్మకర్తలు, ఒక పొట్టి కోటు

తాతయ్యకు పంపుసెట్లు బాగుచేసే షెడ్డు ఉండేది. చేతకాని వయసు వచ్చాక దాన్ని అమ్మేసి, ఆ సొమ్మును నా చదువు కోసం ట్రస్టుగా పెట్టాడు. లారీ నడిపే నాన్న చేతికిస్తే టైర్లకే సరిపోతుందని ఆయన భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. అందుకని ఇద్దరు ధర్మకర్తలను పెట్టాడు. నాన్న తరఫున పెదనాన్న, అమ్మ తరఫున మామయ్య. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుని, ఒప్పుకుని సంతకాలు పెడితేనే డబ్బు కదలాలని రాయించాడు.

అప్పటికే వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఈ షరతుతోనైనా నోళ్లు విప్పుతారని తాతయ్య ఆశ. బోరు అడుగున ఇరుక్కున్న మోటార్లనే పైకి లాగినవాణ్ని, వీళ్లొక లెక్కా అనుకున్నాడేమో.

గొడవంతా ఒక కోటు గురించి. పెదనాన్న దర్జీ. మామయ్య పెళ్లికి కోటు కుట్టారు. చేతులు పొట్టివయ్యాయి. ఫొటో దిగేటప్పుడు మామయ్య అందరూ వింటుండగా, ఇది నాకు కుట్టారా, మా మేనకోడలికి కుట్టారా అన్నాడు. ఆ మేనకోడలిని నేనే. అప్పటికి నాకు పాలపళ్లు కూడా ఊడలేదు. పెదనాన్న భోజనం చేయకుండా వెళ్లిపోయారట. అంతే, ఆ రోజు నుంచి ఒకరికొకరు కనబడరు, వినబడరు.

తాతయ్య పోయాక వాళ్లు ఆ షరతుకు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం నేను. ప్రతి ఏడూ బడి ఫీజుకు, ట్రస్టు కాగితాలు చూసే లాయరమ్మ ఆఫీసుకు వెళతాం. ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుంటారు. మోచెయ్యి చాపితే తగిలేంత దగ్గర. అయినా పెదనాన్న, మీ మామయ్యతో చెప్పు అంటారు. మామయ్య, మీ పెదనాన్నను అడుగు అంటాడు. మధ్యలో నేను.

వాళ్లు అన్నది అన్నట్టు నేనెప్పుడూ చేరవేయలేదు. ఆయనకు కత్తెర తప్ప ఇంకేం తెలుసు అని మామయ్య అంటే, ఇంకోసారి ఆలోచించమంటున్నాడు అని చెబుతాను. వాడికి ఒంట్లో ఉన్నంత పొగరు బుర్రలో తెలివి లేదు అని పెదనాన్న అంటే, నువ్వు చెప్పిందీ నిజమేనట అంటాను. ఇది మంచితనం కాదు. అంతంత మాటలు నా నోట రావు. బడిలో హాజరు పలికితే మాస్టారికి వినబడక సగం రోజులు రాలేదని వేసుకున్నారు. తమాషా ఏమిటంటే ఇద్దరిదీ ఒక గదే. ఎవరేమన్నా రెండోవాళ్ల చెవిన పడకుండా ఉండదు. కానీ నేను చెప్పేదాకా విననట్టే కూర్చుంటారు. నేను చెప్పిన మెత్తటి మాటకే జవాబిస్తారు. లాయరమ్మ గడియారం చూసుకుని, మాట్లాడుకున్నట్టే లెండి అని కాగితాలు ముందుకు తోసేది.

ఈసారి అది కుదరలేదు.

కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసే కోర్సులో నాకు సీటు వచ్చింది. రెండేళ్ల చదువు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు వర్క్‌షాపులో గోడ పొడుగునా ప్లాస్టరు కాళ్లు వేలాడుతున్నాయి. అమ్మ భయపడింది. నాకు మాత్రం ఆ నూనె వాసనకు తాతయ్య షెడ్డు గుర్తొచ్చింది. ఇక్కడైతే ఎక్కువ మాట్లాడక్కర్లేదు, కొలత సరిగ్గా తీస్తే చాలు అనిపించింది. దరఖాస్తులో ఆర్థిక సహాయం ఏ రూపంలో అని అడిగి ఉపకార వేతనం, విరాళం, భృతి, ట్రస్టు నిధి అని గళ్లు ఇచ్చారు. ట్రస్టు నిధి దగ్గర టిక్కు పెట్టాను. పెదనాన్న, మామయ్య అని ఇంకో గడి ఉంటే సరిగ్గా ఉండేది.

ఫీజు కట్టడానికి ఆఖరు రోజు సాయంత్రం నాలుగింటి వరకే కౌంటరు. దాటితే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. మేం లాయరమ్మ ఆఫీసులో కూర్చున్నది ఆ ఆఖరు రోజునే. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. కోర్సుకు ఇద్దరూ ఒప్పుకున్నారు కూడా. తగువల్లా ఎలా కట్టాలన్నదే. రెండేళ్లదీ ఒక్కసారి కట్టేస్తే తగ్గింపు ఇస్తారని మామయ్య. పిల్లకు అక్కడ నచ్చకపోతే ఆ డబ్బు ఎవడిస్తాడు, ఏ ఏడుకాయేడు కడదామని పెదనాన్న. నేను చెబుతున్నాను, వాళ్లు వింటున్నారు, మళ్లీ మొదటికి వస్తున్నారు. లాయరమ్మ స్టాప్లరు తెరిచి పిన్నులు నింపింది. ఖాళీగా ఒకసారి నొక్కి చూసుకుంది. గడియారం మూడు దాటింది.

"మీ మామయ్యకు చెప్పమ్మా, డబ్బు విషయంలో తొందర పనికిరాదని" అన్నారు పెదనాన్న. అంటూనే గొంతు తగ్గించి, "చేతులు పొడుగ్గా ఉంటే చాలదు, వాటిని ఎక్కడ ముడుచుకోవాలో కూడా తెలియాలి" అన్నారు.

నేను మామయ్య వైపు తిరిగాను. ఎప్పటిలాగే మెత్తటి మాట కోసం వెతికాను. దొరకలేదు. గోడ మీద వేలాడే ఆ ప్లాస్టరు కాళ్లే కళ్ల ముందు కనబడ్డాయి.

"నీ చేతులు పొడుగట మామయ్యా. ఎక్కడ ముడుచుకోవాలో నీకు తెలియదట. కిందటేడు ఒంట్లో ఉన్నంత పొగరు బుర్రలో తెలివి లేదన్నారు. నేను నీకు చెప్పలేదు."

తర్వాత పెదనాన్న వైపు తిరిగాను. "మీకు కత్తెర తప్ప ఏమీ తెలియదట."

నా గొంతు గది చివరిదాకా వెళ్లింది. అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

మామయ్య కుర్చీ వెనక్కి జరిగింది. "ఏం బావగారూ, పిల్లతో చెప్పించాల్సిన మాటలా ఇవి?"

"నువ్వు చెప్పించినవో? నా కత్తెర జోలికి ఎందుకొచ్చావు?"

"పెళ్లిలో నన్ను నవ్వులపాలు చేసింది ఆ కత్తెర కాదూ?"

"కత్తెర కాదయ్యా, నీ తొందర. రెండోసారి కొలతకు రమ్మంటే వచ్చావా? అందుకే మడతలో గుడ్డ వదిలాను. ఒక్క పూట ఇస్తే మడత విప్పి చేతులు దింపేవాణ్ని. అడిగావా? అందరి ముందూ ఆ మాట అనేశావు."

మామయ్య కుర్చీ మళ్లీ ముందుకు జరిగింది. "గుడ్డ వదిలారా?"

"దర్జీ అన్నవాడు వదలకుండా ఉంటాడా?"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎవరితో చెప్పమంటావు? దీనితోనా? దానికప్పుడు మాటలే సరిగ్గా రావు."

లాయరమ్మ ఆ సందు వదల్లేదు. షరతు ప్రకారం మాట్లాడుకోవడం అయిపోయిందని, మిగిలింది ఒప్పుకోవడమేనని చెప్పి కలం తీసి బల్ల మధ్యలో పెట్టింది. అప్పుడు మొదలైన బేరం లాంటిది నేనెన్నడూ వినలేదు. ఏడాదికోసారైతే మళ్లీ మీ మొహం చూడాలి కదా అని మామయ్య, చూస్తే నీకేం అరిగిపోతుందయ్యా అని పెదనాన్న. చివరికి మామయ్యే విసుక్కుంటూ, సరే, ఏ ఏడుకాయేడే కానివ్వండి అని ముందు సంతకం పెట్టాడు. తగ్గింపు పోయిందని పెట్టాక కూడా సణిగాడు.

చెక్కు పట్టుకుని నేను మెట్లు దిగుతుంటే వెనక ఇద్దరూ దిగుతున్నారు. ఆ కోటు ఇప్పుడు పొట్ట దగ్గర పట్టదంటున్నాడు మామయ్య. పక్కకుట్లలో కూడా గుడ్డ ఉంది, కానీ ఈ పొట్టకు చాలదు అంటున్నారు పెదనాన్న. ఈ రభస ఇక ప్రతి ఏడూ ఉంటుందన్నమాట.

వీధిలోకి వచ్చాక పెదనాన్న అలవాటుగా నన్ను పిలిచారు. "మీ మామయ్యతో చెప్పమ్మా, ఆదివారం కోటు తీసుకుని..."

"పక్కనే ఉన్నాడు పెదనాన్నా, మీరే చెప్పుకోండి. అవతల కౌంటరు మూసేస్తారు" అని పరిగెత్తాను.