గాయపడ్డవాణ్ణి మోసే నియమం

"టైపు కొట్టడం కూడా ఒక పనేనా?" అని అత్తగారు అన్నప్పుడు కోడలు తడి దుప్పటి పిండుతోంది. కట్టుకున్నవాడే ఆ మాట అంటుంటే అత్తగారిని అనేదేముంది?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ ఆడే ఆటొకటి ఆయన పదేళ్ళ కిందట కనిపెట్టాడు. కనిపెట్టాడు, కాదనడానికి లేదు. కానీ నియమాల్ని మూడు పుస్తకాల్లో ఇష్టమొచ్చినట్టు చల్లేశాడు. ఒకచోట ఔనన్నది ఇంకోచోట కాదన్నాడు. ఆడేవాళ్ళు తిట్టిపోస్తుంటే, "నువ్వు కాస్త సర్దిపెట్టు, బట్టలు మడతపెట్టినట్టే కదా," అన్నాడు. ఆమె ఉద్యోగం మానేసి మూడేళ్ళు సర్దింది. సర్దడమేమిటి నా మొహం! సగం నియమాలు కొట్టేసి మళ్ళీ రాసింది. పొయ్యి మీద పాలు పెట్టి, గట్టు మీద పాచికలు వేసి చూసుకుంది. స్నానం మధ్యలో ఏదో పేజీ అంకె తప్పని గుర్తొస్తే తడి కాళ్ళతో పరిగెత్తింది.

ఆ పుస్తకం రేపు అచ్చుకి వెళ్తుంది. పొద్దున అట్ట చూసింది. పైన ఆయన పేరొక్కటే. చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో, "టైపు చేసిపెట్టిన మా ఆవిడకు థాంక్స్."

"నా పేరు కూడా వెయ్యండి," అని అడిగింది. అడగడం కాదు, బతిమాలింది.

"మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటే?" అని నవ్వేసి ఆయన గడ్డం గీసుకోవడానికి పోయాడు. రేపది అచ్చయితే ఈ మూడేళ్ళూ తను బతకనట్టే. ఎవరికి చెప్పుకోవాలి? పిండిన దుప్పటిలోనే మొహం దాచుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం ఆఖరి పరీక్ష. ఈ ఆట మొహం ఎరగని నలుగుర్ని కూర్చోబెట్టి, కొత్త పుస్తకం చేతికిచ్చి ఆడమంటారు. రాసినవాళ్ళు పక్కనే ఉండొచ్చు గానీ నోరు విప్పకూడదు, అన్నీ పుస్తకమే చెప్పాలి. ఆ షరతు పెట్టింది ఆయనే.

గంటసేపు బాగానే సాగింది. అంతలో ఒకడి పాత్ర దెబ్బ తగిలి పడిపోయింది. "వీణ్ణి మోసుకుంటూ కత్తి తిప్పొచ్చా?" అంది ఒకమ్మాయి. ఆయన ఆగలేకపోయాడు. "ఓ, తిప్పొచ్చు!"

"కుదరదని ఇక్కడుందే అంకుల్?"

ఆయన చెప్పింది పాత పుస్తకం మాట. ఆమె దాన్ని మార్చి ఎనిమిది నెలలైంది. కొత్తది ఆయన చదివితే కదా!

"మరి ఇద్దరం కలిసి మోస్తేనో?" అందా అమ్మాయి. ఆయన పుస్తకం లాక్కుని పేజీలు తిరగేయసాగాడు. ఆ పిల్ల టీ తెస్తున్న ఆమె వైపు తిరిగింది. "మీకేమైనా తెలుసా ఆంటీ?"

"ఆవిడకేం తెలుసు! టైపు చేసిందంతే," అన్నాడాయన.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని వాళ్ళ పక్కనే కూర్చుంది.

"తెలుసమ్మా. కానీ చెప్పకూడదు. రాసినవాళ్ళు నోరు విప్పకూడదని మీ అంకులే షరతు పెట్టారు."